బాగున్నవి చెప్పని మనిషి

పోయిన వారం లిఫ్టు మెకానిక్‌ను ఆసుపత్రి నడవాలో వదిలి వచ్చాం. చేతిలో మూత తీసిన పెన్ను ఉంది; సంతకం చేసే అర్హత లేదు. లోపల మంచం మీద నొప్పితో మెలికలు తిరుగుతున్నది అతని మేనకోడలు. అపెండిక్స్ వాచిపోయింది, వెంటనే తీసెయ్యాలన్నారు. "పాపకి మీరేమవుతారు?" అని అడిగిన గుమస్తాకు మేనమామనని చెప్పాడు. తల్లి పోయిందని, తండ్రి ఆ మరుసటి ఏడే ఉద్యోగమంటూ వెళ్లి చిరునామా లేకుండా పోయాడని చెప్పాడు. "మీరే సంరక్షకులని కోర్టు కాగితం ఏమైనా ఉందా?" అన్నాడు గుమస్తా. మాటలు రాని వయసు నుంచి పెంచుతున్నాడు గాని, పెంచుతున్నట్టు కాగితం లేదు. చివరికి పిల్ల నాన్నమ్మ పరుగున వచ్చి, తండ్రి తరఫు పెద్దగా సంతకం చేశాకే పిల్లను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. పిల్ల దక్కింది. ఇంటికి పంపిన రోజు ఆసుపత్రి గేటు దగ్గర ఆ నాన్నమ్మ అన్న మాట పాఠకులకు గుర్తుండే ఉంటుంది: "పెంచేది నువ్వు, సంతకానికి నేనా? ఇలా కుదరదు. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో లాయర్ల దగ్గరే తేలనీ."

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం. సోమవారం ఉదయం మెకానిక్ తన జీవితంలో మొదటిసారి ఒక లాయర్ ఎదుట కూర్చోబోతున్నాడు.

అతను ఉండేది నాలుగో అంతస్తులో. ఆ భవనానికి లిఫ్టు లేదు. ఇందులో వింతేమీ లేదు. సెలవు రోజున తన పని తన కంటబడకూడదని కోరుకునేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో మడత బల్ల, దాని చుట్టూ ఒకదానికొకటి పోలిక లేని కుర్చీలు. గాలి కోసం వీధి తలుపు బార్లా తీసి, అది మూసుకుపోకుండా పనిముట్ల సంచీ అడ్డం పెట్టారు.

బల్ల మీద సోమవారానికి కావలసినవన్నీ పరిచి ఉన్నాయి. లాయర్ ఆఫీసులో ఫోనెత్తిన ఆవిడ ఏమేం తెమ్మందో అవే: పిల్ల పుట్టినట్టు ధ్రువపత్రం, బడి కాగితాలు, ఆసుపత్రి కాగితాలు, తల్లి మరణ ధ్రువపత్రం. ఈ చివరిదాన్ని మెకానిక్ బోర్లించి పెట్టాడు. పిల్ల అటుగా వెళ్లినప్పుడల్లా దాని మీద మంచినీళ్ల గ్లాసు పెడుతున్నాడు, దప్పిక లేకపోయినా.

"ముందు చొక్కా సంగతి తేల్చు," అంది పెద్దక్క.

పెద్దక్క పళ్ల డాక్టరు క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. డాక్టరు కంటే ముందు రోగితో మాట్లాడేది ఆమే కనుక, మనుషుల చేత నోరు తెరిపించే విద్యలో తనను మించినవాళ్లు లేరని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇవాళ లాయర్ వేషం తనే వేస్తానని వచ్చింది. వస్తూ వస్తూ ఒక పత్రిక కూడా తెచ్చింది. అందులో తమ్ముడి రాశికి ఈ వారం కోర్టు వ్యవహారాల్లో జయమని రాసి ఉంది. వాదీ ప్రతివాదీ ఒకే రాశిలో పుట్టినప్పుడు ఇద్దరికీ ఒకే వారం జయం ఎలా కలుగుతుందో ఆ పత్రిక ఇంతవరకూ వివరించలేదు. ఆ సందేహం పెద్దక్కకూ కలగలేదు.

"చొక్కాకేమైంది?" అన్నాడు మెకానిక్.

"జేబు మీద కంపెనీ ముద్ర ఉందిరా. రిపేరుకి వచ్చాడనుకుని లిఫ్టు వైపు చూపిస్తారు."

"ఉన్నవన్నీ ఇవే కదక్కా."

"ఇంకోటుంది," అని లోపలి గది కర్టెన్ వెనక నుంచి గొంతు వచ్చింది. "నీలం గీతలది. నా పుట్టినరోజుకి వేసుకున్నది. అందులో మామ కాస్త మనిషిలా ఉంటాడు."

ఆ గొంతు మేనకోడలిది. ఆ ఇంట్లో ఆమెను గోరింక అంటారు. ఎందుకంటారో ఒక పూట ఆమెతో గడిపినవాళ్లకు వివరించనక్కర్లేదు. కుట్లు పూర్తిగా మానలేదు కనుక పడుకోమని చెప్పారు. పడుకుంది. నోటికి విశ్రాంతి చెప్పలేదు.

"గోరింకా, నువ్వు వినకూడదు. ఇది పెద్దవాళ్ల పని," అంది పెద్దక్క.

"నా గురించే కదా పెద్దమ్మా?"

"నీ గురించే కాబట్టే వినకూడదు."

"అయితే చెవులు మూసుకుని వింటాలే."

పెద్దక్క కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు మార్చింది. "నమస్కారం. కూర్చోండి."

"కూర్చునే ఉన్నా కదక్కా."

"లాయర్‌ని అక్కా అంటావేంట్రా? మేడమ్ అను."

"కూర్చునే ఉన్నాను మేడమ్."

"మీకేం కావాలో ఒక్క వాక్యంలో చెప్పండి."

ఇది కూడా ఆ ఫోను ఆవిడ చెప్పినదే: ఏం కావాలో ఒక్క వాక్యంలో అనుకుని రండి, మిగిలినది మేడమ్ చూసుకుంటారు అని. వారం నుంచి మెకానిక్ ఆ ఒక్క వాక్యం మీదే పనిచేస్తున్నాడు. పిల్ల నాకు కావాలి అంటే వస్తువును అడిగినట్టుంది. పిల్లను నా దగ్గర ఉండనివ్వండి అంటే అడుక్కున్నట్టుంది. అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తాపీగా, ఒక్కొక్క మాటనూ బిగిస్తున్నట్టు చెప్పాడు:

"ఈ పిల్ల కోసం నేను సంతకం పెడితే అది చెల్లాలి."

పెద్దక్క ఒక్క క్షణం తన వేషం మరిచిపోయింది. "బాగుందిరా," అంది. వెంటనే సర్దుకుని, "సరే. పాపని ఎలా చూసుకుంటున్నారో మీ మాటల్లో చెప్పండి," అంది.

"పెద్ద లోపాలు ముందు చెప్పనా, చిన్నవి ముందు చెప్పనా మేడమ్?"

"ఏంటీ?"

"చిన్నవాటితో మొదలుపెడతాను." గొంతు సవరించుకున్నాడు. "జడ వేయడం రాదు. వేస్తే స్టీలు తాడు పేనినట్టు వస్తుంది. తలనొప్పి వస్తోందని పాప జుట్టు కత్తిరించుకుంది."

"అందుకు కాదు," అంది కర్టెన్. "పొట్టి జుట్టు నాకు బాగుంటుందని."

"బడిలో నాటకం వేసిన రోజు నేను వెళ్లేసరికి తెర పడిపోయింది. పాపకి పాత్ర ఉన్నది మొదటి సీన్లోనే. ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొస్తే అటు వెళ్లాను. ఆ తర్వాత... ఆడపిల్లకి చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉంటాయి. అవి నాకు చెప్పడం చేతకాలేదు. లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చి దిండు పక్కన పెట్టి, బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాను."

"ఎంతసేపు?" అని అడగక ఉండలేకపోయింది పెద్దక్క.

"చదవడం అయిందని చెప్పేదాకా."

"తొందరగానే అయింది పెద్దమ్మా, అన్నీ బొమ్మలే. పాపం వర్షం వస్తోందని లోపలికి పిలిచా."

పెద్దక్క కళ్లజోడు తీసి బల్ల మీద పడేసింది. "ఒరేయ్, ఆగాగు. ఇదంతా లాయర్‌తో చెప్తావా?"

"చెప్పాలి కదా."

"ఎవరు చెప్పమన్నార్రా నిన్ను?"

ఇక్కడ అతని వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఒక లిఫ్టును పరీక్షించినవాడు అందులో ఏది బాగుందో రాయడు. ఏది అరిగింది, ఏది వదులైంది, ఏది ఎన్నాళ్లలో తెగవచ్చు అన్నవే రాస్తాడు. రాసి కింద సంతకం చేశాడంటే, అందులో లేనిదంతా సవ్యంగా ఉందని అర్థం. ఆ పనిలో మెప్పుకు మాటంటూ లేదు. చెప్పకుండా వదిలేయడమే మెప్పు. జీవితమంతా అలా రాసినవాడికి తన గురించి చెప్పుకోమంటే ఇంకో పద్ధతి తోచదు. తక్కిన లోకం ఇందుకు సరిగ్గా తలకిందులుగా నడుస్తుందని, ఉన్న మంచిని ముందు పెట్టి లేని మంచిని కూడా దాని పక్కన నిలబెట్టే అలవాటు మనుషులకుందని అతనికి తెలియకపోలేదు. కాని తెలిసినది వేరు, చేతికి అలవాటైనది వేరు.

"లోపాలన్నీ ముందే చెప్పేస్తే మిగతాది నమ్ముతారక్కా," అన్నాడు.

"మా క్లినిక్‌కి వచ్చేవాళ్లు కూడా నొప్పున్న పన్నే చూపిస్తార్రా. మిగతా పళ్లన్నీ భేషుగ్గా ఉన్నాయి డాక్టర్ అని ఎవడూ మొదలుపెట్టడు. అది నాకూ తెలుసు. కానీ అక్కడ పీకేస్తే పోయేది పన్ను. ఇక్కడ పోయేది పిల్ల!"

మెకానిక్ బల్ల మీది గ్లాసును అంగుళం జరిపి, మళ్లీ యథాస్థానానికి తెచ్చాడు.

"అసలుది ఇంకా చెప్పలేదు," అన్నాడు.

"ఇంకా ఉందా!"

"ఆ రోజు సాయంత్రం కడుపునొప్పంది. గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చాను. పొద్దున్న తగ్గిందా అంటే తగ్గిందంది. నేను పనికి వెళ్లిపోయాను అక్కా. రోజంతా పని చేశాను. మధ్యలో ఒక్కసారి ఫోను చేసి ఎలా ఉందని అడగలేదు. మోటారు కాస్త వేడెక్కితే చెయ్యి పెట్టి చెప్తాను. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూడలేదు. సాయంత్రం వచ్చేసరికి నేల మీద ముడుచుకుని ఉంది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది." ఊపిరి తీసుకున్నాడు. "ఇది దాచి మిగతావి చెప్తే అబద్ధమవుతుంది."

పెద్దక్క లాయర్ ఉద్యోగం వదిలేసి అక్క అయింది. చెయ్యి చాపి తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది.

కర్టెన్ కదిలింది. గోరింక ఒక చేత్తో డొక్క పట్టుకుని, ఇంకో చెయ్యి గోడకు ఆనించి, నెమ్మదిగా వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"అది మామ లోపం కాదు. కొట్టేయండి," అంది.

"నిన్ను లేవొద్దన్నారు కదే!"

"తగ్గలేదు పెద్దమ్మా. పొద్దున్న మామ అడిగినప్పుడు తగ్గలేదు. ముందురోజు కంటే ఎక్కువైంది. అబద్ధం చెప్పాను." పిల్ల గొంతులో ఎప్పుడూ ఉండే గలగల ఇప్పుడు లేదు. "మామ వెళ్లేదాకా పళ్లు బిగపట్టుకుని నవ్వాను. వెళ్లాక దిండు కొరికాను."

"ఎందుకే తల్లీ?"

"చెప్తే ఆసుపత్రికి తీసుకెళ్తాడు. అక్కడ సంతకం అంటారు. బడివాళ్లు ఊరు తీసుకెళ్తామన్నప్పుడు కూడా మామ సంతకం చెల్లదన్నారు, నాన్నమ్మ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఈసారి నాతో వచ్చేయ్ అంటుంది. ఇంత పెద్ద సంతకానికి వస్తే ఇక వదలదనుకున్నా. ఊరుకుంటే అదే తగ్గిపోతుందనుకున్నా."

మెకానిక్ లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. "లోపం ఉంటే చెప్పాలని నీకు ఎన్నిసార్లు..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు అన్నీ అందరికీ చెప్పేస్తావని తెలిసే కదా నేను దాచింది!" అంది పిల్ల, ఏడుపూ కోపమూ కలగలిసిపోగా. "నీకు చెప్తే డాక్టరుకి చెప్పినట్టే. డాక్టరుకి చెప్తే నాన్నమ్మకి చెప్పినట్టే. ఇంకెవరికి చెప్పాలి మరి?"

ఈ తర్కంలో ఎక్కడా సందు లేదు. మెకానిక్ చేతులు చాచాడు. కుట్లకు తగలకుండా, గాజు పలకను ఎత్తుతున్నంత జాగ్రత్తగా పిల్లను దగ్గరికి తీసుకున్నాడు. నుదుటి మీద అరచెయ్యి పెట్టి, తీయడం మరిచిపోయాడు.

పెద్దక్క ముఖం పక్కకు తిప్పుకుంది. తిప్పుకోవడం వల్లే తలుపు వైపు ముందుగా చూసింది.

గుమ్మంలో పిల్ల నాన్నమ్మ నిలబడి ఉంది. నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చిన మనిషికి ఉండవలసిన ఆయాసం ఆమెకు లేదు. అంటే అక్కడ నిలబడి చాలాసేపే అయిందన్నమాట.

ఆవిడ ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా పనిచేసి రిటైరైంది. గది తలుపు పూర్తిగా తెరవకుండానే లోపల ఎంతమంది నిద్ర నటిస్తున్నారో చెప్పేదని ప్రతీతి. ఆ ఇంటికి ఎప్పుడొచ్చినా నేరుగా వంటింటి దాకా నడిచేది. ఇవాళ గుమ్మం దాటలేదు.

"లోపలికి రావచ్చా?" అంది.

"రండి అత్తయ్యగారూ," అంటూ మెకానిక్ తన కుర్చీ ఖాళీ చేశాడు.

పెద్దక్క మాత్రం కదల్లేదు. "చాటునుంచి వినడం అయిందా అత్తయ్యగారూ? ఏదైనా సరిగ్గా వినపడకపోతే చెప్పండి, మావాడు మళ్లీ మొదట్నుంచీ చెప్తాడు. వాడికి మొహమాటం లేదు."

"తలుపు బార్లా తీసి అరుచుకుంటే చాటేముందమ్మా? జడ దగ్గర్నుంచీ మెట్ల మీదికి వినపడుతూనే ఉంది."

"అన్నీ నిజమేనండి," అన్నాడు మెకానిక్. "మీ లాయర్‌కి చెప్పుకోండి. ఏదీ కాదనను."

పెద్దక్క నుదురు కొట్టుకుంది. "కన్నప్పుడే మా అమ్మ వీడి నోటికో గడియ పెట్టించాల్సింది!"

నాన్నమ్మ వాళ్లిద్దర్నీ పట్టించుకోలేదు. ఆమె చూపు పిల్ల మీదే ఉంది. హాస్టల్లో ఏళ్ల తరబడి గద్దించిన గొంతు అది. దాన్ని తగ్గించడం ఆమెకు అలవాటు లేదు కనుక, తగ్గించినప్పుడు కొంచెం వణికింది.

"నేనంటే అంత భయమా నీకు?"

గోరింక ఆలోచించింది. ఆ ఇంట్లో పెరిగినందువల్ల కాబోలు, ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలనే పట్టుదల ఆమెకూ అంటుకుంది.

"నువ్వంటే కాదు నాన్నమ్మా. నువ్వు తీసుకెళ్తావంటే."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, దాని గొళ్లెం మీద వేళ్లు ఆడించింది.

"ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలు జ్వరాలు దాచుకోవడం చూశాను," అంది. "ఇంటికి పంపేస్తారని ఒకర్తి, పరీక్ష పోతుందని ఒకర్తి. మంచం మంచం దగ్గరికీ వెళ్లి ముట్టుకుని చూసి పట్టుకునేదాన్ని. దాచుకున్న పిల్లని ఒక్క మాట అనేదాన్ని కాదు. ఎవరికి భయపడి దాచుకుందో కనుక్కుని వాళ్లని తిట్టేదాన్ని." ఆగింది. "ఇవాళ ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు."

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేయబోతున్నారు. అది స్టార్టు కావడం లేదు. గోరింక మామ చెయ్యి వదిలించుకుని, గోడ పట్టుకుని నడిచి, నాన్నమ్మ కుర్చీ చేతి మీద జాగ్రత్తగా కూర్చుంది.

"నన్ను తిట్టు," అంది. "అబద్ధం చెప్పింది నేనే కదా."

"నిన్ను తిడితే మళ్లీ దాస్తావు." అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తి పిల్ల నుదురు చూసింది. "చల్లగానే ఉంది," అంది గదిలో అందరికీ. నిజానికి ఆ మాట చెప్పింది మెకానిక్‌కే.

ఆ తర్వాత పెద్దక్క వైపు తిరిగింది. "ఆ కళ్లజోడు అవతల పెట్టమ్మా. లాయర్ వేషం నీకు కుదరలేదు. అడగాల్సిన ప్రశ్న అడగనే లేదు నువ్వు."

"అయితే మీరే అడగండి మరి," అంది పెద్దక్క మూతి ముడుచుకుని.

"అడుగుతాను. అబ్బాయ్, నువ్వు లిఫ్టు గుంటలోకి దిగుతావు. పైన అంత బరువు వేలాడుతుంటే కింద నిలబడి పని చేస్తావు. ఎంత జాగ్రత్త ఉన్నా మనిషివే. ఏదో ఒక రోజు నీకేమైనా అయితే ఈ పిల్ల ఎవరిది?"

గోరింక మామ ముఖంలోకి చూసింది. జవాబు ఆమెకూ కావాలి.

"ఆ లోపం నేను చెప్పలేదు," అన్నాడు మెకానిక్ నెమ్మదిగా.

"ఏం? అన్నీ చెప్పేవాడివిగా?"

"మిగతావాటికి మరమ్మతు నా చేతిలో ఉంది. జడ నేర్చుకోవచ్చు, ఫోను చేయడం గుర్తుపెట్టుకోవచ్చు. దీనికి మరమ్మతు మీ చేతిలో ఉంది అత్తయ్యగారూ." నిలబడే మాట్లాడుతున్నాడు. "కోర్టు కాగితంలో నా పేరు కింద మీ పేరుండాలి. నేను లేకపోతే మీరు. నేనున్నా నాకు చేతకాని చోట మీరు. ఆ పుస్తకం దిండు పక్కన పెట్టాల్సిన రోజున మీ ఇంటికి రావాలని అనిపించింది. మొహం చెల్లక మెట్ల మీద కూర్చున్నాను. సోమవారం నాతో రండి. బల్లకి అటొకళ్లూ ఇటొకళ్లూ వద్దు. ఒకే వైపు కూర్చుందాం."

పెద్దక్క నోరు తెరిచింది, మూయలేదు. క్లినిక్‌లో రోజూ ఇతరులు చేసే పని అది.

"మామా, ఈ వాక్యం చెప్పు లాయర్‌కి," అంది గోరింక ఊపిరి బిగపట్టి. "ఇది ఇందాకటి దానికంటే బాగుంది. నాన్నమ్మా, వస్తావా? మామ నీలం గీతల చొక్కా వేసుకుంటాడు."

నాన్నమ్మ ముఖంలో మొదట కలిగింది సంతోషమే. అందులో సందేహం లేదు. ఏళ్లుగా ఆ ఇంట్లో తనను పిలిచింది సంతకానికే గాని తన కోసం కాదు. కాని ఆ సంతోషం నిలవలేదు. దాన్ని పక్కకు నెట్టుకుంటూ మరేదో వచ్చింది. ఆమె చేతిసంచీ గొళ్లెం తీసి, మళ్లీ వేసింది.

"అబ్బాయ్," అంది. "నేనివాళ ఇక్కడికి వచ్చింది వేరే మాట చెబుదామని. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఇదంతా విని..."

బల్ల మీద మెకానిక్ ఫోను మోగింది. పనిలో ఎప్పుడూ చేతులకు గ్రీజు ఉంటుంది కనుక, స్పీకరు నొక్కి దూరం నుంచి మాట్లాడటం అతనికి అలవాటు. ఇప్పుడూ అదే చేశాడు.

"సార్, లాయర్ మేడమ్ ఆఫీసు నుంచి," అంది ఫోను ఆవిడ. మొన్నటి చొరవ ఆ గొంతులో లేదు. "సోమవారం మీరు రానక్కర్లేదండి. మేడమ్ మీ కేసు తీసుకోలేరు."

"అదేంటండీ? ఎందుకని?"

"కారణం చెప్పడానికి వీల్లేదు సార్. దయచేసి వేరే లాయర్‌ని చూసుకోండి. కాస్త తొందరగా చూసుకోండి." ఆ చివరి మాట ఆఫీసు తరఫున కాదు, తన తరఫున అన్నట్టు అని, ఫోను పెట్టేసింది.

పెద్దక్క మండిపడింది. "కారణం చెప్పరా! పన్ను పీకేవాళ్లం మేమే చెప్పి పీకుతాం! ఆ లాయర్‌కి దవడ వాచినప్పుడు వరసలో అందరికంటే ముందు లోపలికి పంపించింది నేను. ఆవిడ మంచిదని వీడికి చెప్పింది నేను. ఉండు, ఇప్పుడే వెళ్లి..."

"కూర్చో అమ్మా," అంది నాన్నమ్మ. "కారణం నేను చెప్తాను. ఆ లాయర్ నా హాస్టల్లో చదువుకున్న పిల్ల. నిన్న నేనే ఆమె దగ్గరికి వెళ్లాను. ఒక్కదాన్నే కాదు. మావాణ్ణి తీసుకుని వెళ్లాను."

ఒక వ్యవహారంలో ఒకరి మాట విన్న లాయర్ అదే వ్యవహారంలో అవతలి వారి మాట వినడానికి వీల్లేదు. నియమం అంత సూటిగానే ఉంది. దాన్ని ఎవరూ వివరించకుండానే మెకానిక్‌కు అర్థమైంది. అర్థం కానిది ఇంకొకటి.

"బావ వచ్చాడా?" అన్నాడు. "చిరునామా లేదన్నారుగా?"

"మీకు లేదు. నా దగ్గర ఎప్పుడూ ఉంది."

"ఎప్పుడూనా?" అంది పెద్దక్క.

"ఎప్పుడూ. చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. కొడుకు కదా." ఆవిడ తల దించలేదు, దించితే మాట ఆగిపోతుందని తెలిసినట్టు గబగబా చెప్పుకుపోయింది. "ఆసుపత్రి గేటు దగ్గర నీతో పోట్లాడానే, ఆ కోపంలో వాడికి ఫోను చేశాను. తండ్రి నా పక్కనుంటే నా మాట నెగ్గుతుంది, పిల్ల నా దగ్గరికి వస్తుంది అనుకున్నాను. వచ్చాడు. లాయర్ ముందు కూర్చున్నాక మాట మార్చాడు. పిల్ల మామ దగ్గరా వద్దు, మా అమ్మ దగ్గరా వద్దు, నాతో నేనున్న ఊరికి తీసుకెళ్తానన్నాడు. తండ్రిగా తన సంతకం ఒక్కటి చాలన్నాడు. అది చెప్పడానికే వచ్చాను అబ్బాయ్. నిన్ను ఓడించాలని పిలిచాను, వాడు మనిద్దర్నీ ఓడించేలా ఉన్నాడు."

మెకానిక్ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. కుర్చీలో నాన్నమ్మ ఉందన్న సంగతి అతనికి గుర్తు లేదు. బల్ల అంచు చేతికి తగిలితే దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

అంతసేపూ గోరింక ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అది ఎంత అసాధారణమో గ్రహించి, ముగ్గురూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు.

"నాన్నమ్మా," అంది పిల్ల. "లాయర్ నా గురించి ఏమైనా అడిగిందా?"

"అడిగిందమ్మా. ఏ క్లాసు చదువుతోంది, ఏమంటే ఇష్టం, స్నేహితులెవరు, అన్నీ అడిగింది."

"నాన్న ఏం చెప్పాడు?"

నాన్నమ్మ చేతిసంచీ ఒళ్లోంచి తీసి కింద పెట్టింది.

"నా వైపు చూశాడు."

గోరింక కుర్చీ చేతి మీద నుంచి దిగింది. డొక్క పట్టుకోకుండా, నిటారుగా నడిచి బల్ల దగ్గరికి వెళ్లింది. మామ ఫోను తీసుకుని, ఆఖరున వచ్చిన నంబరు మీద వేలు పెట్టింది.

"ఏం చేస్తున్నావే?" అంది పెద్దక్క.

పిల్ల వేలు పెదవుల మీద పెట్టుకుని ఆమెను ఆగమంది. స్పీకరులో మోగుతున్న చప్పుడు గదంతా వినిపించింది. అవతల ఎత్తారు. అదే ఆవిడ గొంతు.

"నమస్కారమండీ," అంది గోరింక. "ఇందాక మీరు మా మామతో మాట్లాడారు కదా, కారణం చెప్పడానికి వీల్లేదని. ఆ కారణం నేనేనండి. మేడమ్ ఉంటే ఒకసారి ఇవ్వండి. ఆవిడ ఇంతవరకూ నన్నొక్క మాట కూడా అడగలేదు."